క్రీస్తు మీలో ఉన్నాడు సరే, పంక్తిలో మీ పక్కన ఎవరున్నారు?

"క్రీస్తే నాయందు జీవించుచున్నాడు" అనే మాట మన క్రైస్తవ ఇళ్లలో గోడ క్యాలెండరు మీద ఉంటుంది, కారు వెనక అద్దం మీద ఉంటుంది, డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పంచే వాగ్దాన కార్డుల్లో ఎవరో ఒకరికి తప్పకుండా వస్తుంది. సాక్ష్యం చెప్పడానికి లేచినవాళ్లలో సగం మంది దానితోనే మొదలుపెడతారు. ఆ వచనం మీద నాకు ఏ కోపమూ లేదు. దాన్ని ముందూ వెనకా లేకుండా కత్తిరించి, జేబులో పెట్టుకునే తాయెత్తులా మార్చిన మన అలవాటు మీదే కోపం.

అపొస్తలుడైన పౌలు గలతీ సంఘాలకు రాసిన పత్రిక రెండో అధ్యాయం, 20వ వచనం అది. మరి పదకొండో వచనం నుంచి చదివి వినిపించే బోధకులు ఎంతమంది? అక్కడ ప్రశాంతమైన ధ్యానమేమీ జరగడం లేదు. పౌలు, పేతురు అనే ఇద్దరు అపొస్తలుల మధ్య తగాదా నడుస్తోంది. అదీ భోజనం దగ్గర.

అంతియొకయ పట్టణంలో యూదులూ యూదులు కాని విశ్వాసులూ కలిసి తింటున్నారు. పేతురు కూడా వాళ్లతో కూర్చుని తిన్నాడు. ఇంతలో యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గరనుంచి కొందరు వచ్చారు. వాళ్లు రాగానే పేతురు మెల్లగా వెనక్కి తగ్గి వేరుగా ఉండిపోయాడు. గమనించండి, ఆయన తన బోధ మార్చుకున్నట్టు ఎక్కడా లేదు. అన్యజనుల, అంటే యూదులు కానివాళ్ల, రక్షణ చెల్లదని అన్నట్టూ లేదు. పంక్తి మారాడు, అంతే. అన్యజనులతో కలిసి తినకూడదన్న పట్టింపు ఉన్న ఆ వచ్చినవాళ్లు ఏమనుకుంటారో అన్న భయం. ఆయన్ని చూసి మిగతా యూదులూ లేచారు, చివరికి బర్నబా కూడా. ఇన్నేళ్లు పౌలుతో కలిసి అన్యజనుల మధ్య తిరిగిన బర్నబా! పౌలు దాన్ని వేషధారణ అన్నాడు. పెద్దాయన కదా, పక్కకు పిలిచి చెబుదాం అనుకోలేదు, అందరి ఎదుటా నిలదీశాడు. ఆ నిలదీత వెంటనే సాగిన వాదంలోనే "ఇకను జీవించువాడను నేను కాను" అనే మాట వస్తుంది.

మరి చచ్చిపోయిన ఆ "నేను" ఎవరు? ఫిలిప్పీ పత్రికలో పౌలే వివరాలిచ్చాడు. ఇశ్రాయేలు వంశం, బెన్యామీను గోత్రం, హెబ్రీయుల సంతానం, ధర్మశాస్త్రం విషయంలో పరిసయ్యుడు, అంటే నిష్ఠలో అందరికంటే కఠినంగా ఉండే వర్గంవాడు. వంశం, గోత్రం, పుట్టుక, నిష్ఠ. ఆ జాబితా మొత్తాన్నీ పెంటతో సమానంగా ఎంచుకున్నానన్నాడు. మనకు ఆ జాబితా అర్థం కాదా? ప్రపంచంలో ఎవరికి అర్థమైనా కాకపోయినా తెలుగువాళ్లకు అర్థం కావాలి.

పౌలు కొలొస్సయులకు రాసిన "మీయందున్న క్రీస్తు" సంగతీ అంతే. దాన్ని ప్రత్యేక ఉపవాస కూడికల్లో గొప్ప మర్మంగా బోధిస్తారు. మర్మమే, నిజం. ఏమిటా మర్మం? అన్యజనుల మధ్య బయలుపడిన మర్మం అని అదే వచనంలో రాసి ఉంది. అంతవరకూ గడప బయట నిలబెట్టిన మనుషుల్లో క్రీస్తు ఉన్నాడన్నదే అక్కడి సంగతి.

ఇప్పుడు మన దగ్గరకు రండి. మా సంఘ పత్రిక చివరి పేజీలో పెళ్లి ప్రకటనలు వేస్తారు. వాటి ధోరణి ఇలా ఉంటుంది: రక్షణ పొందిన, ప్రార్థనాపరురాలైన, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయికి తిరిగి జన్మించిన వరుడు కావలెను. దాని పక్కనే కులం పేరు, కొన్నిట్లో ఉపకులం కూడా. రెండోసారి పుట్టినా కులం మాత్రం మొదటి పుట్టుకదే అన్నమాట! రెడ్డి క్రైస్తవులు, కమ్మ క్రైస్తవులు, మాల క్రైస్తవులు, మాదిగ క్రైస్తవులు అని మనలో మనం అనుకోవడం ఎంత మామూలైపోయిందంటే, ఆ రెండు మాటలూ పక్కపక్కన ఇమడవని కూడా తోచదు. ఒకే ఊళ్లో మాలపల్లెకు ఒకటి, మాదిగపల్లెకు ఒకటి అని రెండు గుళ్లున్న చోట్లున్నాయి. అందులో ఒకరి పాపం ఎక్కువ, ఇంకొకరిది తక్కువ అని తూకం వేయబోవడం లేదు. పైనున్నవాళ్లు కిందివాళ్లను దూరం పెట్టారు, కిందివాళ్లూ ఇంకొకరిని వెతుక్కున్నారు.

మన సంఘాల పుట్టుక తలుచుకుంటే ఇది మరీ చేదుగా ఉంటుంది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కాలంలో 1866లో బాప్తిస్మం పొందిన యెర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు. అలాంటివాళ్లను చేర్చుకుంటే మేం రామని ఊళ్లోని పైకులాల వాళ్లు తేల్చి చెప్పారు. క్లౌ దొర పేరయ్యవాళ్లనే ఎంచుకున్నాడు. అలా ఎంచుకోబట్టే, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది నీళ్లలోకి దిగారు. ఆ లెక్కను శతాబ్ది సభల్లో గర్వంగా చదువుతాం. దాని వెనకున్న ఎంపికను చదవం.

దోర్నకల్ అజరయ్య గారి సంగతి ఇంకొకటి. తిరునెల్వేలి ప్రాంతం నుంచి వచ్చి తెలుగు పల్లెల్లో మాల మాదిగల మధ్య పనిచేసి, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు అయిన మనిషి. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో పెద్ద పెద్ద మిషనరీల ఎదుట నిలబడి, మీ త్యాగాలన్నీ చూశాం, సంతోషం, మాకు స్నేహితులను కూడా ఇవ్వండి అన్నాడు. సభలో చాలామందికి అది మింగుడు పడలేదట. పడదు మరి. ఆస్తి ఇవ్వడం తేలిక, ప్రాణం ఇవ్వడం కూడా ఒక్కోసారి తేలికే, పక్కన కుర్చీ వేయడమే కష్టం.

ఇదంతా రాస్తే ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "సహోదరా, ఇవి లోక సంబంధమైన విషయాలు, క్రీస్తు హృదయంలో నివసిస్తాడు, అది వ్యక్తిగతమైన అనుభవం." ఆ అనుభవాన్ని నేను కాదనను. ఆసుపత్రి వరండాలో రాత్రంతా ఒంటరిగా కూర్చున్న మనిషికి, లోపల ఒకరు తోడున్నారన్న నమ్మకం ఎంత బలమో నాకు తెలుసు. కానీ లోపలున్నది ఎవరు? "ఇతడు పాపులను చేర్చుకొని వారితో కూడ భోజనము చేయుచున్నాడు" అని పరిసయ్యులు సణిగిన ఆయనే కదా? ఆయన లోపలికి వచ్చాక ఎవరితో తినాలన్న అలవాట్లు మారకుండా ఎలా ఉంటాయి? సంఘమంతా కలిసి తినే ప్రేమవిందులో విస్తళ్లు కలిసే వేస్తున్నాం కదా అని కొందరంటారు. సంతోషం. వియ్యం దగ్గరకు వచ్చేసరికి అవే విస్తళ్లు ఎందుకు విడిపోతున్నాయి? వరుడి సాక్ష్యం కంటే ముందు "వాళ్లేమిట్లు?" అని ఎందుకు అడుగుతున్నాం? అడిగేది చాలాసార్లు పాస్టరు గారే, అదీ మనమీద ప్రేమతోనే!

మా సంఘ పత్రిక పెద్దలకు పోయిన నెల ఒకటే మాట చెప్పాను. పెళ్లి ప్రకటనలు వేయండి, వయసు వేయండి, చదువు వేయండి, కులం మాత్రం అచ్చు వేయకండి. ప్రకటనలు సగానికి పడిపోతాయి, పత్రిక నడవదు అన్నారు. పడిపోనివ్వండి అన్నాను. కమిటీలో పెడతామన్నారు. కమిటీ ఇంకా కూర్చోలేదు.