చంద్రగిరి దారిలో సైకిల్‌కు ఒక మజిలీ కావాలి

తిరుపతి నుంచి చంద్రగిరి 15 కిలోమీటర్ల లోపే ఉంటుంది. శ్రీనివాస మంగాపురం మీదుగా వెళ్తే దారి పొడవునా కుడివైపు శేషాచలం కొండలు తోడుగా వస్తాయి. ఎండ ముదరకముందే వెళ్లి రాగలిగిన దూరం కాబట్టి, సైకిల్ తొక్కేవారు ఆగి సేదతీరడానికి ఇంతకంటే మంచి చోటు ఈ చుట్టుపక్కల లేదు. అయితే ఇక్కడ మజిలీ అనగానే కోట ముందు సిమెంటు గొడుగులు, రంగురంగుల అక్షరాలతో ఊరి పేరు, ఒక సెల్ఫీ పాయింటు పెట్టి పని అయిందనిపించే అవకాశమే ఎక్కువ. ఆ మజిలీ ఉండవలసింది కోటలో కాదు, ఊళ్లో అని నా గట్టి అభిప్రాయం.

చంద్రగిరి చరిత్ర కోటలోని రాజమహల్‌తో మొదలై దానితోనే ముగిసేది కాదు. సాళువ నరసింహుడు 1485లో విజయనగర సింహాసనం ఎక్కకముందు ఈ ప్రాంతాన్ని ఏలింది ఇక్కడి నుంచే. 1529లో రాజైన అచ్యుతరాయలు అంతకుముందు ఇదే కోటలో నిర్బంధంలో ఉన్నాడు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత పెనుగొండకు తరలిన రాజధాని, 1586 నుంచి 1614 వరకు పాలించిన వెంకటపతి రాయల కాలంలో చంద్రగిరికి వచ్చింది. తిరుమలలో మహాద్వారం దాటగానే కృష్ణరాయ మండపంలో చేతులు జోడించి నిలబడిన విగ్రహాల్లో ఆ వెంకటపతి రాయలదీ ఒకటి. క్యూలో మనమంతా ఆయన పక్క నుంచే వెళ్తాం, కానీ ఆయన ఊరికి మాత్రం వెళ్లం.

వెళ్లినవారు కూడా మ్యూజియం చూసి, సాయంత్రమైతే లైట్ షో చూసి తిరిగి వచ్చేస్తారు. కోట అంటే రాజమహల్, రాణిమహల్ అనే ఆ రెండు మహళ్లే కాదు. బయటి గోడ, కందకం, ద్వారాలు, పాడుబడిన గుళ్లు అన్నీ కలిస్తేనే కోట. కారులో వచ్చేవారికి ఇవేవీ కంటికి ఆనవు. సైకిల్ మీద నెమ్మదిగా వచ్చేవారు మాత్రం గోడ దగ్గర కాలు కింద ఆనించి చూడగలరు. పెద్ద పెద్ద బండరాళ్లను ఒకదాని మీద ఒకటి కుదురుగా పేర్చిన ఆ గోడను చూసి, వెంటనే కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో లేపిన మూడంతస్తుల రాజమహల్‌ను చూస్తే, యుద్ధం కోసం కట్టినదానికీ కొలువు కోసం కట్టినదానికీ తేడా ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

ఇక చట్టం సంగతి. ప్రాచీన కట్టడాల పరిరక్షణ చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, ఈ కోట లాంటి కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణాలు నిషిద్ధం, ఆపై మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. దీన్ని అభివృద్ధికి అడ్డంకిగా చూసేవారున్నారు కానీ, నాకు ఇందులో ఊరికి మేలే కనిపిస్తోంది. కోట పక్కన కట్టలేనిది ఊళ్లో కట్టవచ్చు. అప్పుడు ఆగినవారి డబ్బు ఇడ్లీ బండికీ, టీ కొట్టుకీ, సీతాఫలాల కాలంలో గంప ముందు పెట్టుకుని కూర్చునే ఆడవాళ్లకీ చేరుతుంది. పైగా ఉదయం ఆరింటికి వచ్చేవారికి మ్యూజియం తలుపులు ఎలాగూ మూసే ఉంటాయి; ఆ వేళకు తెరిచి ఉండేది ఊరే.

అవసరమైనవి కొన్నే. తాళం వేసుకునేందుకు ఇనుప కడ్డీల స్టాండు, మంచినీళ్ల కుళాయి, శుభ్రంగా ఉంచే మరుగుదొడ్డి, గాలి కొట్టే పంపు, గోడ ఎక్కడ మొదలై ఎక్కడ తిరుగుతుందో తెలుగులో చూపే పటం చాలు. వేప, కానుగ నీడ ఉన్నచోట రేకుల షెడ్డు అక్కర్లేదు.

అసలు ఖర్చు పెట్టవలసింది దారి మీద. పూతలపట్టు–నాయుడుపేట రహదారిని వెడల్పు చేశాక లారీల వేగం పెరిగింది, దాన్ని సైకిల్‌తో దాటడం పిల్లలకే కాదు, పెద్దలకూ భయమే. మంగాపురం వైపు పాత రోడ్డు అంచున ఒక గీత గీసి సైకిళ్లకు వదిలి, హైవేను దాటే చోట వేగ నిరోధకాలు, దీపాలు ఏర్పాటు చేయకుండా మజిలీ కట్టడం అర్థం లేని పని. పంచాయతీకి, పర్యాటక శాఖకు ఈ పని అప్పగించేటప్పుడు ముందు దారికి నిధులు కేటాయించి, ఆ తర్వాతే స్టాండు సంగతి చూడాలి.