పాలిష్ కంపు పోవాలంటే ఉల్లిపాయలు కాదు, టైమ్ కావాలి

పసిపిల్లల కోసం కొత్త ఫర్నిచర్ కొనబోతున్నవాళ్లు ఎవరైనా ఉంటే నేను చేసిన తెలివితక్కువ పని చెయ్యకండి.

పుట్టకముందు ఏమీ కొనకూడదు అంది మా అమ్మ, సరే అన్నా. మా ఆవిడ పుట్టింటి నుంచి పాపని తీసుకుని మూడో నెలలో వచ్చింది, అంటే నాకు మూడు నెలల టైముంది, అయినా వాళ్లు రావడానికి నాలుగు రోజుల ముందు క్రిబ్బూ (పాపని పడుకోబెట్టే కటకటాల మంచం), బట్టలకి డ్రాయర్ల కబోర్డూ తెప్పించా. "వాసనా? రెండ్రోజుల్లో పోద్ది సార్" అన్నాడు షాపతను. ఎన్ని రెండ్రోజులు గడిచినా అది పోతే కదా!

ఇక సలహాలు మొదలు. అమ్మ సాంబ్రాణి వేసింది. అత్తయ్యగారు ఫోన్లో ఉల్లిపాయ కోసి పెట్టమన్నారు. ఫ్రెండొకడు కాఫీ పొడి అన్నాడు. అన్నీ చేశా, గదిలోకెళ్తే టిఫిన్ సెంటర్‌కి వార్నిష్ కొట్టినట్టుంది. ఇంకొకడేమో మొక్కలు పెట్టు, గాలిని శుభ్రం చేస్తాయని నాసా చెప్పింది అంటాడు. నాసా 1989లో ఆ పరీక్ష చేసింది గాలి చొరబడని చిన్న పెట్టెల్లో రా నాయనా, మా బెడ్రూమ్‌లో కాదు.

అసలు సంగతి ఒకరోజు కింది డ్రాయర్ పూర్తిగా బయటికి లాగితే తెలిసింది. పైన నున్నగా తెల్ల లామినేట్, వెనక అంచు మాత్రం ఏమీ అతికించకుండా వదిలేశారు, రంపప్పొట్టు ముద్ద చేసి ఎండబెట్టినట్టుంది, మొహం దగ్గర పెడితే కళ్లు మండాయి. క్రిబ్బు చెక్కది, దాని కంపు పాలిష్‌లో కలిపిన థిన్నర్‌ది, ఆరేకొద్దీ తగ్గుతుంది. కబోర్డుది వేరే కథ, ఆ పార్టికల్ బోర్డుని పట్టి ఉంచేదే యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు, అది ఫార్మాల్డిహైడ్ అనే ఘాటు వాయువుని నెలల తరబడి వదులుతూనే ఉంటుంది, వేడికీ తేమకీ ఇంకా ఎక్కువ. మనమేమో వానాకాలం కిటికీలన్నీ మూసుకుని కూర్చుంటాం. ఫార్మాల్డిహైడ్‌ని డబ్ల్యూహెచ్‌ఓ క్యాన్సర్ సంస్థ 2004లోనే క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో పెట్టింది, దాని మీద సాంబ్రాణి వేసి వాసన రావట్లేదని సంబరపడితే ఎట్లా, పైగా పసిదానికి ఆ పొగ ఒకటి అదనం.

చివరికి డ్రాయర్లన్నీ ఊడదీసి క్రిబ్బుతో సహా బాల్కనీలో నీడన పెట్టా (ఎండలో పెడితే పాలిష్ పగులుద్దని కార్పెంటర్ చెప్పాడు), అంచులన్నిటికీ ఎడ్జ్ బ్యాండ్ (అంచుని మూసేసే పట్టీ) వేయించా, తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టా. గదిలో ఎదురెదురు కిటికీలు తీసి ఒకదాని దగ్గర ఫ్యాన్ బయటివైపు తిప్పి పెట్టా. అంతే, ఇంకే మంత్రం లేదు.

విచిత్రం ఏంటంటే పాప గిలక్కాయ ఏటికొప్పాకది, దానికీ రంగుంది, మెరుపుంది, కంపు లేదు. తిరిగే కర్రకి లక్క ఆనిస్తే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది, థిన్నర్ ఊసే లేదు.

ఇప్పటికి తొమ్మిది వారాలు. రోజూ పొద్దున్నే డ్రాయర్‌లో తల పెట్టి వాసన చూస్తున్నా, ఎదురింటి అంకుల్ రోజూ చూస్తున్నారు, ఏమీ అడగట్లేదు. పాప మాత్రం అమ్మ పాత నేతచీరతో కట్టిన ఉయ్యాల్లో హాయిగా నిద్రపోతోంది.