సవరణ: పగడం మీద నిమ్మరసం వెయ్యకండి

పోయిన వారం ఉంగరానికి పగడం ఎంచుకోవడం గురించి రాస్తూ, "ఒక చుక్క నిమ్మరసం వేస్తే నురగ వచ్చిందా, అసలు పగడమే" అన్నాను. తప్పు రాశాను. బరంపురంలో మా పిన్ని అది చదివి తన పగడం మీద వేసేసింది. నురగ వచ్చింది, సంబరపడింది. తుడిచి చూస్తే నువ్వుగింజంత మేర మెరుపు పోయి సుద్దలా తేలింది. ఆ తిట్లు ఇంకా అవలేదు.

పగడమంటే కాల్షియం కార్బొనేట్, పులుపు తగిలితే కరుగుతుంది. పైగా తెల్ల పగడానికి ఎర్ర రంగు ఎక్కించినా అదే నురగ. గాజు, ప్లాస్టిక్ నకిలీలు బయటపడతాయేమో గానీ రంగు మోసం దొరకదు.

రంగు చూడాలంటే గోళ్ల రంగు తుడిచే అసిటోన్‌లో దూది ముంచి, రాయి వెనకవైపు మెల్లగా రుద్దండి. ఎరుపు అంటితే వదిలేయండి. అంటకపోయినా పాసైనట్టు కాదు, పైన రెజిన్ పూత ఉంటే రంగు రాదు. పది రెట్లు చూపే లెన్స్ పెడితే అసలు పగడంలో సన్నటి గీతలు పక్కపక్కనే సాగుతుంటాయి. రంగు వేసినదానిలో పగుళ్ల దగ్గర ఎరుపు చిక్కగా పేరుకుంటుంది. ఖరీదైన రాయైతే ల్యాబ్ రిపోర్టు అడగాల్సిందే.

ఇంకొకటి. వెనక తెల్ల మచ్చ ఉంటే నకిలీ అన్నాను, అదీ తప్పే. జపాన్ ఎర్ర పగడం కొమ్మకు నడిమి భాగం సహజంగానే తెల్లగా ఉంటుంది. మచ్చ చూపించి ధర తగ్గించమనండి, అంతే.