తువ్వాలు గుండె భేషుగ్గా ఉంది

మా బాబాయి గుండెకు ఏ జబ్బూ లేదు. ఉన్నదల్లా చేతికి స్మార్ట్‌వాచీ. కొడుకు కొనిచ్చినప్పటి నుంచి ఆయన అందులో టైము చూడడం మానేశారు. ఎవరైనా గంటెంతయిందని అడిగితే "డెబ్బై ఎనిమిది" అంటారు.

ఆ వాచీ అడుగున పచ్చటి దీపాలు మిణుకుమంటుంటాయి. రక్తం పచ్చ వెలుగును బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులోకి రక్తం పొంగుతుంది, వెనక్కి వచ్చే వెలుగు తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులను లెక్కపెట్టడమే వాచీ పని. ఉపాయం మంచిదే, కాకపోతే పట్టీ బిగుతుగా ఉండాలి. బాబాయికేమో ఒంటి మీద ఏదీ బిగుతుగా ఉండకూడదు. వాచీ ఆయన చేతికి గాజులా తిరుగుతుంటుంది.

దాంతో ఒకరోజు ఉదయం నడకలో అది గుండెను వదిలేసి అడుగులను లెక్కపెట్టింది. 130! బాబాయి కంగారుపడి ఇంటివైపు వడివడిగా నడిచారు. 145. పరుగెత్తారు. 165. గుమ్మంలో కూలబడి, నిజంగానే ఊపిరందక రొప్పుతున్నప్పుడు అది తాపీగా 84 చూపించింది.

తర్వాత ఈసీజీ మీద పడ్డారు. ఒక చేతికి వాచీ కట్టుకుని, రెండో చేతి వేలు దాని గుండీ మీద ఆనించి, 30 సెకన్లు కదలకుండా కూర్చోవాలి. ఈసీజీ కనిపెట్టినందుకు 1924లో నోబెల్ అందుకున్న ఐంథోవెన్ తొలి యంత్రం బరువు దాదాపు 270 కిలోలు, నడపడానికి అయిదుగురు కావలసి వచ్చేది. బరువైతే తగ్గింది గాని, మా ఇంట్లో ఆ అయిదుగురూ ఇప్పటికీ కావాలి. ఒకరు తలుపు దగ్గర, ఒకరు ఫోను దగ్గర, మిగిలినవాళ్లు పిల్లలను ఆపుతూ. ఇంతా చేస్తే 29వ సెకనులో, ఎంతవరకు వచ్చిందో చూద్దామని ఆయనే చెయ్యెత్తుతారు.

చివరికి పిన్ని విసిగిపోయి, వాచీ ఊడదీసి, చుట్టిన తువ్వాలుకు కట్టింది. వెలుగు దేనికో ఒకదానికి తగిలి తిరిగొస్తే చాలు, అందులోనే లయ వెతుక్కునే యంత్రం అది. కాసేపు తడుముకుని 72 అంది.

"చూశావా, ఎంత నిలకడగా ఉందో!" అన్నారు బాబాయి అసూయగా.

"అది మీలాగా నిమిషానికోసారి వాచీ చూసుకోదు కదండీ."

మర్నాడు ఇద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్లారు. పట్టీని మణికట్టు ఎముకకు కాస్త పైన బిగించి కట్టుకోమన్నాడాయన. లయ తప్పిన గుండెను వాచీ కొన్నిసార్లు పట్టిస్తుంది గాని గుండెపోటును పట్టలేదనీ, ఛాతీలో నొప్పి వస్తే అంకెలు చూస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి రావాలనీ చెప్పాడు. బాబాయి బుద్ధిగా తలూపి, జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశారు.

"ఇదొక్కటి చూడండి డాక్టరుగారూ. రాత్రి మూడింటికి 51కి పడిపోయింది."

"మీకేమైనా కళ్లు తిరిగాయా?"

"నాకు కాదండీ, తువ్వాలుకు."