ఇల్లు కొనేముందు ఆ ఊరి ఆగస్టు చూడండి

ఈమధ్య మా న్యూజెర్సీలో ఏ పెళ్ళికెళ్ళినా, ఎవరింట్లో సత్యనారాయణ వ్రతమైనా మా వయసు వాళ్ళందరిదీ ఒకటే మాట, రిటైరయ్యాక ఎక్కడికెళ్దాం అని. ముప్పై ఏళ్ళు మంచు తీసి తీసి నడుములు పోయాయి, ప్రాపర్టీ టాక్సులు కట్టలేకపోతున్నాం, ఎక్కడైనా వెచ్చగా ఉండే చోటికి పోదాం అంటారు. ఒకరు డల్లాస్ అంటారు, ఒకరు టాంపా, ఇంకొకరు ఫీనిక్స్, మరొకరైతే వైజాగ్‌లో బీచ్‌కి ఎదురుగా ఫ్లాటే కొనేశారు. గుడి ఎంత దూరం, ఇండియన్ గ్రోసరీ ఉందా, పిల్లలు ఎంతసేపట్లో రాగలరు, స్టేట్ టాక్స్ ఉందా లేదా, అన్నీ గడగడా చెప్తారు. అక్కడ వాతావరణం ఎలా ఉంటుందండీ అంటే మాత్రం "చాలా బావుంటుందండీ, మేం క్రిస్మస్‌కి వెళ్ళాం కదా, 70 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంది" అంటారు.

క్రిస్మస్‌కి వెళ్ళి చూసొచ్చి ఊరు ఎంచుకోవడం పెద్ద పొరపాటని నా గట్టి అభిప్రాయం. ఆ ఊరికి అన్నిటికంటే కష్టమైన నెల ఏదో కనుక్కుని, ఆ నెలంతా అక్కడ అద్దెకుండి, అప్పుడు నిర్ణయించుకోవాలి. అదీ ఒట్టి టెంపరేచర్ చూసి కాదు, ఉక్క చూసి.

కిందటేడు మే నెలలో కాకినాడలో మా అక్క వాళ్ళింట్లో మూడు వారాలున్నాను. పుట్టి పెరిగిన ఊరే, అయినా ఆ ఉక్కపోత నాకు కొత్తగా అనిపించింది. ఉప్పు జాడీలో ఉప్పు నీరుకారిపోతోంది, పొద్దున వేయించిన అప్పడం మధ్యాహ్నం భోజనానికి మెత్తబడిపోతోంది, బీరువాలో పట్టుచీర మడత విప్పితే బూజు మచ్చలు. స్నానం చేసి టవల్‌తో తుడుచుకుంటుంటే ఏది నీళ్ళో ఏది చెమటో తెలీదు. టీవీలో చూస్తే కాకినాడలో 36 డిగ్రీల సెల్సియస్, హైదరాబాద్‌లో 40. "హైదరాబాద్ వాళ్ళు ఎలా ఉంటున్నారో పాపం" అన్నాను. "వాళ్ళకేంటే, నీడలో కూర్చుంటే చాలు, మనకి నీడలోనూ ఇదే కదా" అంది అక్క. అక్క చెప్పిందే కరెక్టు. అమెరికా వెదర్ సర్వీస్ వాళ్ళ హీట్ ఇండెక్స్ లెక్కలో 36 డిగ్రీలకి 60 శాతం తేమ తోడైతే ఒంటికి 48 దగ్గర ఉన్నట్టుంటుంది, అదే 40 డిగ్రీల్లో తేమ 25 శాతమే ఉంటే ఇంచుమించు ఆ 40 లాగే ఉంటుంది. మన వాతావరణ శాఖ కూడా వడగాలులు ప్రకటించడానికి మైదాన ప్రాంతాల్లో కనీసం 40 డిగ్రీలు చూస్తే కోస్తాలో 37 నుంచే లెక్కలోకి తీసుకుంటుంది. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది, గాల్లో అప్పటికే నీరు నిండి ఉంటే ఆ చెమట ఎక్కడికి పోతుంది, ఒంటిమీదే జిగటగా ఉండిపోతుంది.

ఫోన్‌లో కనపడే తేమ శాతం చూసి కూడా మోసపోకండి. సియాటిల్‌లో జనవరిలో 80 శాతం ఉన్నా ఎవరికీ ఉక్కపోయదు. చూడాల్సింది డ్యూ పాయింట్. స్టీలు గ్లాసులో చల్లటి మజ్జిగ పోస్తే గ్లాసు బయట నీటిచుక్కలు పడతాయి కదా, గాలి ఎంతవరకు చల్లబడితే అందులోని నీరు అలా చుక్కలు కడుతుందో ఆ డిగ్రీనే డ్యూ పాయింట్ అంటారు. ఫారెన్‌హీట్‌లో అది 55 లోపుంటే హాయిగా ఉంటుంది, 65 దాటితే జిగట మొదలు, 70 దాటితే పెద్దవాళ్ళకి నడకే కష్టం. హ్యూస్టన్‌లో జులై ఆగస్టుల్లో డెబ్బైల మధ్యలో ఉంటుంది. కాకినాడలో మే నెలలో ఎనభైకి అటూఇటూ.

అలా అని పొడి ఎండ మంచిదే కదా అని కళ్ళు మూసుకుని ఫీనిక్స్ పోవడమూ నేను ఒప్పుకోను. మా తోడికోడలు వాళ్ళు ఫీనిక్స్ పక్కనే చాండ్లర్‌లో ఉంటారు. పొద్దున పెరట్లో గుమ్మడి వడియాలు పెడితే సాయంత్రానికి గలగలమంటాయి, చూస్తే ముచ్చటేస్తుంది. కానీ అక్కడికెళ్ళిన రెండో రోజే నాకు ముక్కులోంచి రక్తం, వారానికి మడమలు పగుళ్ళు. చెమట పట్టినట్టే ఉండదు, పట్టీపట్టగానే ఆరిపోతుంది, అందుకే ఒంట్లో నీరు ఎంత పోయిందో తెలీదు, కళ్ళు తిరిగేదాకా దాహం కూడా వెయ్యదు. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు పగటి ఎండ 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తగ్గలేదు, రాత్రిళ్ళు కూడా 90 కిందకి దిగని రోజులున్నాయి. ఎండాకాలంలో తారు రోడ్డు మీద తూలిపడి చర్మం కాలి ఆస్పత్రిలో చేరే ముసలివాళ్ళు ఏటా ఉంటారక్కడ. అక్కడి దుమ్ములోంచి ఊపిరితిత్తులకొచ్చే వ్యాలీ ఫీవర్ అనే ఫంగస్ జబ్బు కూడా ఉంది, ఆస్తమా ఉన్నవాళ్ళు ముందే డాక్టర్ని అడిగి వెళ్ళండి.

"ఏసీ ఉంది కదా" అనేవాళ్ళకి ఒక మాట. 2024 జులై 8న బెరిల్ తుఫాను వచ్చినప్పుడు హ్యూస్టన్ చుట్టుపక్కల 20 లక్షల పైగా కనెక్షన్లకి కరెంటు పోయింది, కొన్ని చోట్ల రోజుల తరబడి రాలేదు. హ్యూస్టన్ శివార్లలోని కాటీలో మా అమ్మాయి వాళ్ళు చంటిపిల్లాడితో మూడు రోజులు అలాగే ఉన్నారు. వాళ్ళకి ముప్పై ఏళ్ళు కాబట్టి తట్టుకున్నారు. వయసు మీద పడ్డాక చెమట తక్కువ పడుతుంది, దాహం ఆలస్యంగా తెలుస్తుంది, దానికితోడు బీపీకి మనవాళ్ళు వేసుకునే వాటర్ టాబ్లెట్లు ఒంట్లో నీటిని బయటకు పంపించేస్తాయి, గుండె వేగం తగ్గించే మాత్రలుంటే ఎండకి గుండె సర్దుకోవడమూ కష్టమే. ఈ లెక్క రియల్టర్ చెప్పడు, మనమే వేసుకోవాలి.

ఇండియా వెళ్ళిపోదాం అనుకునేవాళ్ళకీ ఇదే చెప్తాను. వైజాగ్ అంటే నాకూ ప్రాణం, కానీ సముద్రానికి ఎదురుగా ఉన్న ఫ్లాటులో గ్రిల్సు, ఏసీ బయటి యూనిట్లు ఉప్పుగాలికి ఎంత త్వరగా తుప్పు పడతాయో అక్కడుండేవాళ్ళని అడగండి, 2014 అక్టోబర్లో హుద్‌హుద్ తుఫానుకి ఆ కిటికీలు ఏమయ్యాయో కూడా అడగండి. నన్నడిగితే ఎత్తు మీదున్న ఊళ్ళు చూడమంటాను. హైదరాబాద్ 500 మీటర్ల పైన ఉంది, రోహిణి కార్తెలో రోళ్ళు పగిలినా మృగశిర వచ్చేసరికి ప్రాణం లేచొస్తుంది. మదనపల్లె ఇంకా ఎత్తు, దాదాపు 700 మీటర్లు. వందేళ్ళ కిందట టీబీ రోగుల కోసం దాని పక్కనే ఆరోగ్యవరం శానటోరియం కట్టింది ఆ పొడి గాలి కోసమే, మందుల్లేని రోజుల్లో గాలే మందు. పెద్ద ఆస్పత్రి దగ్గర్లో లేకపోవడం ఒక్కటే నాకు దాంతో పేచీ.

ఇంక మా సంగతి. మావారికి స్టెంట్ పడింది, ఆయనకి నడకే ముఖ్యం. అమ్మాయి దగ్గరగా ఉంటుందని కాటీలో ఇల్లు చూసి అడ్వాన్స్ కూడా ఇవ్వబోయాం. నేనే పట్టుబట్టి కిందటి ఆగస్టులో అక్కడ నెల రోజులు అపార్ట్‌మెంట్ తీసుకున్నాను. పొద్దున ఆరింటికి తలుపు తీసి బయట కాలు పెడితే చాలు, ఆయన కళ్ళజోడు మొత్తం ఆవిరి పట్టేసేది, మెట్ల మీద నిలబడి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకునేవారు. మొదటి వారం ముప్పావుగంట నడిచారు, రెండో వారం పావుగంట, ఆ తర్వాత "ఇవాళ వద్దులే" అని సోఫాలో కూర్చుండిపోయారు. ముప్పై ఏళ్ళు న్యూజెర్సీ చలిలో కోటు వేసుకుని కూడా ఆయన నడక మానలేదు, కాటీలో మూడు వారాల్లో మానేశారు. అది చూసి నాకు నిద్ర పట్టలేదు.

అమ్మాయికి చెప్తే చిన్నబుచ్చుకుంది. "నా దగ్గరికి రావడం ఇష్టం లేదా అమ్మా" అంది. కూర్చోబెట్టి నాన్న నడక లెక్క, మాత్రల లెక్క అన్నీ చెప్పాను, అర్థం చేసుకుంది. చివరికి న్యూజెర్సీలో ఉన్న పెద్దిల్లు అమ్మి, ఇక్కడే మెట్లు లేని చిన్న కాండో, అంటే ఫ్లాటు లాంటిది, తీసుకుని, నవంబర్ నుంచి మార్చి దాకా కాటీలో అద్దెకుండేలా అనుకున్నాం. ఇక్కడ మంచు పడే రోజుల్లో అక్కడ ఆయన హాయిగా పార్కులో నడుస్తారు. ఇక్కడా జులైలో ఉక్క ఉంటుంది, లేకపోలేదు, కానీ నాలుగు రోజులుండి గాలి మారుతుంది, నెలల తరబడి ఉండదు. స్కూలు సెలవుల్లో పిల్లలే ఇటొస్తారు, మనవడికి తాతగారితో పొద్దున్నే చెరువు దాకా నడవడం ఇప్పటికే అలవాటైంది.