దించగలిగే జెండాకే విలువ

అమెరికాలో చెసాపీక్ బే అనే అఖాతం తీరం పొడవునా విహార పడవలు నిలిపే రేవులు, అంటే మరీనాలు, వందల సంఖ్యలో ఉన్నాయి. ఒక్కో పడవ నుంచి నీటిలో చేరేది కాస్త డీజిలు, కొంత మురుగు, అడుగు గీకినప్పుడు రాలే రంగు పొడి. ఫ్యాక్టరీ గొట్టంలా చూపించి కేసు పెట్టడానికి ఇక్కడ ఏదీ దొరకదు. అందుకే మేరీల్యాండ్ రాష్ట్రం 1990ల చివర్లో ‘క్లీన్ మరీనా’ అనే స్వచ్ఛంద కార్యక్రమం ప్రారంభించింది. యజమాని హామీపత్రంపై సంతకం చేసి, చెక్‌లిస్టు ప్రకారం తన రేవును తానే అంచనా వేసుకుంటాడు. అధికారులు వచ్చి చూసి సరే అంటే జెండా ఎగరేసుకోవచ్చు.

చమురు పీల్చే దిండ్లు ఉంచడం, రంగు గీకేటప్పుడు కింద పట్టా పరచడం వంటివి ఇలా సులువుగానే అలవాటవుతాయి; వాటికయ్యే ఖర్చు తక్కువ. పడవల మురుగు తోడే పంపులకైతే 1992 నాటి చట్టం కింద ఖర్చులో 75 శాతం వరకు ఫెడరల్ నిధులు అందుతాయి. యజమానుల మంచితనానికి సర్కారు సొమ్ము తోడైందన్నమాట!

చిక్కంతా నీటి జీవులకు హాని చేసే రాగితో. గుల్లలు, నాచు పట్టకుండా పడవ అడుగున పూసే రంగులోంచి రాగి నిరంతరం నీటిలోకి ఊరుతూ ఉండాలి; ఆ రంగు పనిచేసే తీరే అది. కాలిఫోర్నియా రాష్ట్రం శాన్ డియాగోలోని షెల్టర్ ఐలాండ్ రేవులో నీటిలో చేరే రాగిని 17 ఏళ్లలో 76 శాతం తగ్గించాలని 2005లో అక్కడి నీటి నాణ్యత నియంత్రణ మండలి ఆదేశించింది. కానీ పడవ రేవు యజమానిది కాదు, ఖాతాదారుడిది; రంగు ఎంపికా అతనిదే. గట్టిగా అడిగితే పక్క రేవుకు వెళ్లిపోతాడు. ఇంత పోటీలో ఒక్క రేవు యజమాని నిజాయితీ ఏపాటి? చివరికి రంగులోంచి ఎంత రాగి విడుదల కావచ్చో 2018లో కాలిఫోర్నియాయే పరిమితి విధించాల్సి వచ్చింది. అంతకుముందు ఫ్రాన్స్‌లోని ఆర్కషాన్ అఖాతంలో ఆయిస్టర్ల (తినే ఆల్చిప్పల) పెంపకం దెబ్బతిన్నాక, 1982లో ఆ దేశం చిన్న పడవల అడుగున పూసే ట్రైబ్యుటైల్ టిన్ అనే విష రసాయనపు రంగులపై ఆంక్షలు పెట్టిందే తప్ప హామీపత్రాలు అడగలేదు.

మరి జెండాలు దండగా? విశాఖ రుషికొండను చూడండి. శుభ్రమైన బీచ్‌లతో పాటు మరీనాలకూ ఇచ్చే ‘బ్లూ ఫ్లాగ్’ అంతర్జాతీయ గుర్తింపు ఈ బీచ్‌కు 2020లో దక్కింది. నిర్వహణ లోపాల వల్ల 2025లో దాన్ని తాత్కాలికంగా కోల్పోయింది. పరువు పోయాకే అధికార యంత్రాంగం పరుగులు తీసింది, గుర్తింపు తిరిగి వచ్చింది. క్లీన్ మరీనా జెండాకూ ఆ భయం ఉండాలి: ముందుగా చెప్పకుండా తనిఖీ చేయాలి, గుర్తింపు పోయిన రేవుల పేర్లు బయటపెట్టాలి. రంగు సంగతి మాత్రం యజమానుల ఇష్టానికి వదలకుండా చట్టమే తేల్చాలి.