ఒక్క గంట కొలువు

శుభవార్త. మా మేనల్లుడు నిరుద్యోగి కాదట. ఎంటెక్ చదివి, 2022 గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు రాసి, ఆ రెండూ రద్దయ్యాక హనుమకొండ స్టడీ హాల్లో కుర్చీ అరగదీస్తున్న మావాడికి ఈ సంగతి మొన్న కేంద్రం వాళ్ల ఉపాధి సర్వే సారు వచ్చి వెళ్లేదాకా తెలియదు పాపం.

జరిగిందేంటంటే, మంగళవారం మా అక్క ఎవరిదో పెళ్లికి పోతూ "గంటసేపు దుకాణంల కూసో బిడ్డా" అంది. కూర్చున్నాడు. రెండు షాంపూ ప్యాకెట్లు, ఒక బీడీ కట్ట అమ్మాడు, పక్కింటాయనకు చాయపత్తా ఖాతా రాశాడు, మిగతా టైమంతా గల్లాపెట్టె మీద పాలిటీ పుస్తకం తెరిచి ఈగలు తోలాడు.

"పోయిన 7 రోజుల్లో ఏ రోజన్నా ఒక్క గంట పనిచేసినవా తమ్మీ?"

"దుకాణంల కూసున్న సార్."

"జీతం?"

"అమ్మ చాయ్ పోసింది."

అయిపోయింది! సర్వే ఫారంలో 81 కోడ్ పడాల్సిన చోట 21 పడింది. 81 అంటే పని వెతుక్కునేవాడు, 21 అంటే ఇంటి వ్యాపారంలో జీతం లేని సాయం, అంటే ఉద్యోగి. వారంలో మిగతా 167 గంటలు దేశానికి అక్కర్లేదు. ఇప్పుడు నెలనెలా ప్రకటించే నిరుద్యోగ శాతం ఈ వారం లెక్కదే. ఏడాది లెక్కకైతే 30 రోజులు కావాలి లెండి, ఈ పెళ్లిళ్ల సీజన్‌లో అదెంత!

1982 నుంచి అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్ఓ) ప్రమాణమే గంట కదా అంటారు మేధావులు. అయ్యా, నిరుద్యోగ భృతి ఇచ్చే దేశాల్లో పని లేనివాడు ఇంట్లో కూర్చోగలడు. ఇక్కడ ఊరికే కూర్చుంటే పొయ్యి వెలగదు, కాబట్టి నిరుద్యోగి అనిపించుకోవడానికి కూడా ఇంత స్తోమతుండాలి.

ఏడాది లెక్కలో 2017-18లో 6.1 శాతం ఉన్న నిరుద్యోగం 2023-24కి 3.2కి దిగిందని ఒకటే సంబరం. పనిచేసేవాళ్లలో జీతం లేని ఇంటి సాయగాళ్లు అదే కాలంలో 13.6 శాతం నుంచి 19.4కి ఎక్కారు, ఆ ముక్క చెప్పరేం? పరకాల దగ్గర మా వదిన పొద్దంతా పత్తి ఏరుతుంది, వేళ్లు చీరుకుపోతాయి, ఎనుమాముల మార్కెట్లో పత్తి అమ్మిన రసీదు, అదే తక్‌పట్టీ, మాత్రం మా అన్న పేరు మీదే. ఆమె చేతికి ఒక్క రూపాయి రాదు. శాతం తగ్గించుకోవడానికి మాత్రం ఆ చేతులు కావాలా మీకు? సిగ్గుండాలి.

ఇదంతా చెబితే మా అక్క ఒకటే అడిగింది: "పిల్లనిచ్చేటోళ్లకు గూడ ఆ సారే చెప్తడా, మావోడు కొలువు చేస్తుండని?"